కాశీలో విడిచిపెట్టాల్సింది కాకరకాయ కాదు

కాశీకి పోయివచ్చినవాళ్లను మన ఊళ్లలో ఇప్పటికీ అడిగే మొదటి మాట ఒక్కటే: 'కాశీల ఏం ఇడిసిపెట్టినవ్?' ఒకాయన కాకరకాయ అంటాడు. ఒకామె గుమ్మడికాయ అంటుంది. ఇంకొకరు ఎన్నడూ ముట్టని పండు పేరు చెప్పి నవ్వేస్తారు. ప్రాణానికి ఇష్టమైనదాన్ని గంగకు అప్పగించి, మళ్లీ దాని జోలికి పోవద్దన్నది పెద్దలు పెట్టిన నియమం. ఆశను, అహంకారాన్ని తగ్గించుకొమ్మని చెప్పడమే దాని అంతరార్థం. ఆ నియమాన్ని మనం కూరగాయల లెక్కకు దించేశాం. తినని కాయను వదిలేసి, మోయకూడని బరువులన్నీ భద్రంగా మూటగట్టుకుని తిరిగొస్తున్నాం. 'కాశీకి పోయి కుక్క బొచ్చు తెచ్చినట్టు' అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఏమిటా బరువులు? కులం ఒకటి. చేతిపని చేసేవాడంటే ఉండే చిన్నచూపు ఒకటి. నదికి మొక్కుతూనే నదిని పాడుచేసే అలవాటు ఒకటి. ఈ మూడూ కాశీలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించవు. వాటిని వదలడానికి కూడా అంతకంటే మంచి చోటు లేదు. కాశీకి పోవద్దని మేము అనడం లేదు. పొమ్మనే అంటున్నాం. పోయినప్పుడు కళ్లు తెరిచి చూడమంటున్నాం.

ఒకప్పుడు 'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే' అనేవారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయల్దేరి, హైదరాబాద్, నిర్మల్, నాగపూర్ మీదుగా కాశీ చేరాడు. తిరిగి మద్రాసులో అడుగుపెట్టింది 1831 సెప్టెంబర్‌లో. దాదాపు పదహారు నెలలు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో గుళ్లు, తీర్థాలు మాత్రమే లేవు. తొవ్వ పొడవునా ఊళ్లెట్లున్నాయి, నీళ్లెక్కడ దొరుకుతాయి, అంగళ్లలో ఏం అమ్ముతున్నారు, పాలన ఎట్లుంది అన్నదంతా ఉంది. అందుకే అది భక్తుడి పుస్తకంగానే మిగిలిపోలేదు. ఆనాటి తెలంగాణ ఎట్లుండేదో తెలుసుకోవాలన్నా ఇప్పటికీ ఆ పుస్తకమే తిరగేయాలి.

ఇవాళ అంత కష్టం లేదు. సికింద్రాబాద్‌లో దానాపూర్ రైలెక్కి, కాజీపేట, నాగపూర్ దాటి మర్నాడు మొఘల్‌సరాయ్‌లో దిగిపోవచ్చు. (2018 నుంచి ఆ స్టేషన్‌కు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టారు.) ఉద్యోగులకు ఎల్‌టీసీ ఉంది. పైసలున్నవాళ్లకు విమానముంది. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలు జరిగినప్పుడు కాశీ గల్లీలన్నీ తెలుగు మాటలతో నిండిపోయాయి. ప్రయాణం సులువైంది. కానీ వీరాస్వామయ్యకున్న చూపు మనకు లేకుండా పోయింది.

మామూలు యాత్రలో ఏం చూస్తాం? విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి. పడవలో ఒక చక్కర్. పిండప్రదానం. ఓపికున్నవాళ్లు తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తారు. చివరికి నాలుగు చీరలు కొనుక్కుని రైలెక్కుతారు. బస కోసం తెలుగువాళ్ల సత్రాలున్నాయి. వాటిలో చాలామటుకు కులాల పేరు మీద కట్టుకున్నవే. అన్ని పాపాలనూ కడిగేస్తుందని నమ్మే నది ఒడ్డున కూడా మన కులానికి మన గదే కావాలి, మన పంక్తే కావాలి. మూటలో మొదటి బరువు ఇదే.

అదే నది ఒడ్డున హరిశ్చంద్ర ఘాట్ ఉంది. తెలంగాణ పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం చూడని పాతతరం మనిషి దొరకడు. కాటి సీను వచ్చేసరికి ఊరు ఊరంతా కొంగులు తడుపుకునేది. అందులో పాడే జాషువా పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టేది. సత్యం కోసం రాజు కాటికాపరి అయ్యాడని మనం ఏడ్చాం. పుట్టుకతోనే కాటికాపరులైనవాళ్ల గురించి ఏనాడైనా ఏడ్చామా? హరిశ్చంద్రుడి కష్టం కొన్నాళ్లది. దేవతలు దిగివచ్చి రాజ్యం తిరిగిచ్చారు. వీరబాహుడి వారసులకు ఏ దేవతా దిగిరాలేదు.

ఆ వారసులే కాశీలోని డోములు. ఉత్తరప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులం. మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో చితులు రాత్రింబవళ్లు కాలుతూనే ఉంటాయి. ఎంత గొప్ప కులంలో పుట్టినవాడైనా సరే, ఆఖరి నిప్పు డోముల దగ్గరినుంచే తెచ్చుకోవాలి. వాళ్లు నిప్పివ్వకుంటే మోక్షం లేదు. అదే మనిషి బతికుండగా ఎదురుపడితే పక్కకు జరిగి నడుస్తాం. చావుకు కావాల్సినవాడు బతుకులో అంటరానివాడు కావడం కంటే పెద్ద అబద్ధం ఏముంది? మండే ఎండలో మంటల పక్కన నిలబడి, పొగ మింగుతూ, బూడిదలో బంగారపు తునక కోసం వెతుక్కునే మనుషులు వాళ్లు. 2021లో డోమ్ రాజా జగదీశ్ చౌదరికి మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. సంతోషమే. కానీ డోమ్ రాజా కుటుంబం వేరు, రోజు కూలికి కట్టెలు పేర్చే డోము వేరు. ఒక పతకంతో ఆ కూలి బిడ్డకు బడి దొరకదు. కాశీకి పోయే ఉద్యోగ మిత్రులారా, మణికర్ణికలో ఫోన్ తీసి మంటల ఫొటోలు తీయకండి. ఆ మంటలకు ఇటువైపు నిలబడ్డ మనిషిని చూడండి.

ఇక నది సంగతి. వరుణ, అసి అన్న రెండు ఏర్ల నడుమ ఉన్న ఊరు కాబట్టి వారణాసి అయిందంటారు. దక్షిణం నుంచి ఉత్తరానికి పారే గంగ ఒడ్డున 84 ఘాట్లు. ఊరికి పేరిచ్చిన అసి నది ఇవాళ ఎట్లుంది? దాన్ని జనం 'అసి నాలా' అంటున్నారు. నది నాలా అయింది. వరుణ పరిస్థితి కూడా అంతంతమాత్రమే. 1986 జూన్ 14న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ ఇదే కాశీ ఘాట్ మీద నిలబడి గంగా కార్యాచరణ ప్రణాళిక ప్రారంభించారు. 2014లో 'నమామి గంగే' వచ్చింది, దానికి 20 వేల కోట్లు కేటాయించారు. 2018లో దీనాపూర్‌లో రోజుకు 14 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు మొదలైంది. ఘాట్ల మీద చెత్త తగ్గిందన్నది నిజం. అయితే మెట్లు తళతళలాడినంత మాత్రాన నీళ్లు శుభ్రమైనట్టు కాదు. స్నానానికి పనికొచ్చే నీటిలో మలం నుంచి వచ్చే కోలిఫాం క్రిములు 100 మిల్లీలీటర్లకు 2,500 దాటకూడదన్నది మన కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు. ఆ లెక్క మెట్ల మీద కనిపించదు. హారతి వెలుతురులో అసలే కనిపించదు.

ఆ లెక్కను బయటపెట్టినవాడు నాస్తికుడు కాదు. సంకటమోచన్ హనుమాన్ గుడి మహంత్ వీరభద్ర మిశ్రా. ఆయనే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో నీటి ఇంజనీరింగ్ చెప్పిన ప్రొఫెసర్. పొద్దున్నే గంగలో మునిగేవాడు. ఆ తర్వాత అదే నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపేవాడు. 1982లో సంకటమోచన్ ఫౌండేషన్ పెట్టి 2013లో కన్నుమూసేదాకా కొట్లాడాడు. కరెంటు మీద నడిచే పంపులను నమ్ముకుంటే కరెంటు పోయిన ప్రతిసారీ మురుగు గంగలోకే పోతుందని, ఆ ప్లాంట్లు క్రిములను సరిగా చంపవని సర్కారుకు చెప్పాడు. వాలును బట్టి మురుగును దిగువకు మళ్లించి, చెరువుల్లో నిలిపి శుద్ధి చేయాలన్నాడు. నది తల్లి అయితే, తల్లి మీద చెత్త వేస్తామా అన్నదే ఆయన వాదం సారాంశం. భక్తి ఉన్నవాడు ప్రశ్నించకూడదని చెప్పేవాళ్లకు ఆయన జీవితమే జవాబు.

గంగ మురికి గురించి రాసే ముందు మన ముఖం మనం చూసుకోవాలి. ఉత్తర తెలంగాణలో గోదావరిని 'గంగ' అనే పిలుస్తాం. ధర్మపురికి పోయినా, కాళేశ్వరం పోయినా, బాసర పోయినా 'గంగ స్నానం' చేసొచ్చామనే అంటాం. ఆ గంగలో తానమాడి, కట్టి విడిచిన బట్టలను, ప్లాస్టిక్ కవర్లను అక్కడే వదిలి వస్తాం. రాజధాని నడుమ పారే మూసీని ఏం చేశామో చెప్పనక్కరలేదు. అసి నాలా అయినట్టే మూసీ కూడా నాలా అయింది. పాలకుల తప్పు ఎంతో ఉంది. ఫ్యాక్టరీల తప్పు అంతకంటే ఉంది. ముక్కు మూసుకుని వంతెన దాటిపోయే మన తప్పు కూడా ఉంది.

నదిని శుభ్రం చేయడమంటే ఎవరో ఒకరు మురుగులోకి దిగడమే. ఎవరు దిగుతున్నారు? కాశీలోనైనా, హైదరాబాద్‌లోనైనా మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడి కులం అడగనక్కరలేదు. 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దించడం నేరమని అది చెబుతోంది. అయినా ఊపిరాడక చనిపోయే వార్తలు ఆగలేదు. గంగను పవిత్రం చేసేది మంత్రం కాదు, ఈ మనుషుల రెక్కలు. వాళ్ల ప్రాణానికి లేని విలువ నది పేరు మీద పెట్టే కోట్లకు ఎట్లా వస్తుంది?

చీరల దగ్గరికొద్దాం. మన ఇండ్లలో పెండ్లి అంటే బనారస్ పట్టుచీర ఉండాల్సిందే. ఆ చీర నేసేది మదన్‌పురా, లోహతా వంటి చోట్ల ఉండే అన్సారీలు. ఎక్కువమంది ముస్లింలు. హిందూ పెండ్లికూతురి చీరను ముస్లిం నేతగాడు నేయడం కాశీలో వార్త కాదు. తరతరాల నుంచి వస్తున్న మామూలు సంగతి. బనారస్ చీరకు 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ గుర్తింపు చీరకే దక్కింది, మగ్గం మీద కూర్చున్నవాడికి దక్కలేదు. మరమగ్గం వచ్చింది, సూరత్ నుంచి అచ్చం అలాంటి నకలు చీర వచ్చింది, నూలు ధర పెరిగింది. లాభం గద్దీదారుకు, నడుంనొప్పి నేతగాడికి. ఈ కథ మనకు కొత్తదా? సిరిసిల్లలో చావులు లెక్కపెట్టినవాళ్లం మనం. పోచంపల్లి మగ్గం చప్పుడు ఆగిపోతుంటే విన్నవాళ్లం. కాశీ నేతగాడి గోస సిరిసిల్ల నేతగాడికి వివరించి చెప్పనక్కరలేదు. మతం వేరైనా ఆకలి ఒకటే. దుకాణంలో బేరమాడే ముందు, వీలైతే నేసే ఇంటికి పోయి ఒకసారి ఆ మగ్గం చూడండి. ఒక చీర వెనుక ఎన్ని రోజుల బతుకు ఉందో అప్పుడు తెలుస్తుంది.

గంగ మీద పడవ నడిపేవాళ్లు మల్లాలు, నిషాదులు. మన గంగపుత్రులు, బెస్తలు ఎట్లాగో అక్కడ వాళ్లట్లా. రాముణ్ణి గంగ దాటించిన గుహుడు తమవాడేనని చెప్పుకుంటారు. ఇప్పుడు గంగ మీదికి పెద్ద క్రూయిజ్‌లు వచ్చాయి. 2023 జనవరిలో కాశీ నుంచి దిబ్రూగఢ్ దాకా పోయే ఖరీదైన ఓడను కూడా ప్రారంభించారు. ఏసీ గదిలో కూర్చుని ఘాట్లు చూసేవాళ్లు పెరిగినకొద్దీ తెడ్డు వేసేవాడి రాబడి ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. చెరువు మీద హక్కు కోసం కొట్లాడిన మన మత్స్యకారులు అడిగేదీ అదే ప్రశ్న. నీళ్లు ఎవరివి? నీళ్ల మీద బతుకు ఎవరిది?

విశ్వనాథుడి గుడి చుట్టూ కట్టిన కారిడార్ గురించి కూడా చెప్పుకోవాలి. 2019 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2021 డిసెంబర్ 13న ప్రారంభించారు. సుమారు మూడు వేల చదరపు అడుగులుండే ఆవరణ ఐదు లక్షల చదరపు అడుగులైంది. ముసలివాళ్లకు, వికలాంగులకు దర్శనం సులువైంది. దాన్ని కాదనలేం. కానీ దానికోసం దాదాపు మూడు వందల కట్టడాలను కొని కూల్చేశారు. ఆ గల్లీల్లో ఇండ్లు, పూల కొట్లు, తరతరాల కిరాయిదార్లు ఉండేవారు. సొంతదారుకు పరిహారం దొరుకుతుంది. కిరాయికుండే పేదవాడికి ఊరు మారడమే దొరుకుతుంది. 'అభివృద్ధి' అన్న మాట విన్నప్పుడల్లా 'ఎవరిది?' అని అడగడం ముంపు గ్రామాలను చూసిన నేలకు అలవాటే. ఆ అలవాటును కాశీ రైల్లో మరిచిపోవద్దు.

కాశీ అంటే పండాలు, పండితులు మాత్రమే కాదు. ఊరి పక్కనే సారనాథ్ ఉంది. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన చోటు. లహర్‌తారా ఉంది. నేతపని చేసుకుంటూ పండితులనూ ముల్లాలనూ ఒకే నోటితో నిలదీసిన కబీరు పెరిగిన చోటు. సీర్ గోవర్ధన్‌పూర్ ఉంది. చెప్పులు కుట్టిన రవిదాసు పుట్టిన ఊరు. కాశీలో చస్తేనే మోక్షమంటే, ఆ మాట తప్పని చెప్పడానికి కబీరు చివరి రోజుల్లో కాశీ విడిచి మగహర్‌కు పోయాడు. కాశీలో ఏం విడవాలో కబీరుకు తెలుసు. ఆయన కాశీనే విడిచాడు. మన కాలంలో బిస్మిల్లా ఖాన్ ఉన్నాడు. గంగ ఒడ్డున, గుళ్లలో షహనాయి ఊది, 2001లో భారతరత్న అందుకుని, 2006లో కన్నుమూసేదాకా ఆ ఊరిని వదలలేదు. మన టూర్ల వాళ్ల జాబితాలో సారనాథ్ ఒక పూట ఉంటుంది. మిగతావి చాలాసార్లు ఉండవు. మీరే అడిగి పోండి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. 1916 ఫిబ్రవరిలో బనారస్ విశ్వవిద్యాలయం శంకుస్థాపన ఉత్సవాల్లో వజ్రాలు దిగేసుకుని కూర్చున్న రాజుల ముందు గాంధీ మాట్లాడాడు. విశ్వనాథుడి గుడి చుట్టూ గల్లీలు ఇంత మురికిగా ఉంటే మనకు స్వపరిపాలన ఎట్లా వస్తుందని అడిగాడు. ఆ నగలు పేద రైతు కష్టం కాదా అని నిలదీశాడు. అనీబిసెంట్ మధ్యలో ఆపబోయింది. రాజులు లేచిపోయారు. స్వపరిపాలన అంటే గద్దె మారడం కాదని, గల్లీ మారడమని ఆనాడే చెప్పిన మాట అది. సొంత రాష్ట్రం తెచ్చుకున్న మనకు కూడా వర్తిస్తుంది. ఆ విశ్వవిద్యాలయానికి ఏడో నిజాం లక్ష రూపాయలు విరాళమిచ్చాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 దాకా వైస్ చాన్స్‌లర్‌గా ఉన్నాడు. అక్కడ తెలుగు శాఖ కూడా ఉంది. కాశీ మీకు దూరపు ఊరు కాదు.

ఇంకొక సంగతి మనం తప్ప ఎక్కువమంది పట్టించుకోనిది. కాశీ ఉన్న ప్రాంతం పేరు పూర్వాంచల్. 1962లో ఘాజీపూర్ ఎంపీ విశ్వనాథ్ సింగ్ గహమరి లోక్‌సభలో నిలబడి, తమ ప్రాంతపు పేదలు పశువుల పేడలోంచి గింజలు ఏరి కడుక్కుని తింటున్నారని చెప్పాడు. పటేల్ కమిషన్ వేశారు. నివేదిక వచ్చింది. బీరువాలోకి పోయింది. 2011 నవంబర్ 21న యూపీ అసెంబ్లీ రాష్ట్రాన్ని నాలుగుగా చేయాలని, అందులో పూర్వాంచల్ ఒకటని తీర్మానం చేసింది. అదీ అక్కడే ఆగింది. 2014 నుంచి దేశ ప్రధానే అక్కడి ఎంపీ. అయినా పూర్వాంచల్ పిల్లగాడు పని కోసం రైలెక్కడం ఆగలేదు. మనం పుణ్యానికి పోయే దానాపూర్ రైలే తిరుగు ప్రయాణంలో వాళ్లను మన దగ్గరికి తెస్తుంది. హైదరాబాద్‌లో మన అపార్టుమెంట్లకు ఇటుకలు మోసేది వాళ్లే. బొంబాయికి, దుబాయికి బిడ్డలను పంపి ఏడ్చిన పాలమూరు, కరీంనగర్ తల్లులకు వలస అంటే ఏమిటో తెలుసు. కాశీలో ఘాట్ మీద పండాకు దండం పెట్టి, మియాపూర్‌లో కాశీ కూలిని 'భయ్యా' అని కసురుకుంటే, ఆ యాత్ర ఫలం ఎక్కడ పోయినట్టు?

పోండి. అసి ఘాట్ నుంచి రాజ్‌ఘాట్ దాకా ఒక తెల్లవారుజామున నడవండి. పడవవాడితో పది రూపాయలకు కొట్లాడకండి. పూలు ఆకులో ఇస్తేనే తీసుకోండి, ప్లాస్టిక్ కవరులో వద్దనండి. సబ్బు గంగలోకి తీసుకుపోకండి. కాటికాపరితో, నేతగాడితో, చీపురు పట్టిన అక్కతో రెండు మాటలు మాట్లాడండి. వాళ్ల పేరు అడగండి, కులం అడగకండి.

కాకరకాయను మాత్రం పాపం వదిలేయకండి, ఒంటికి మంచిది. గంగలో మూడు మునకలు వేసేటప్పుడు మొదటి మునకకు కులాన్ని వదలండి. రెండో మునకకు శ్రమజీవి మీద చిన్నచూపును వదలండి. మూడో మునకకు, నది తనంతట తానే శుభ్రమవుతుందన్న భ్రమను వదలండి. ఊరికి వచ్చాక ఎవరైనా 'కాశీల ఏం ఇడిసిపెట్టినవ్?' అని అడిగితే నోటితో చెప్పనక్కరలేదు. మన వాకిలి ఊడ్చే మనిషికి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చే తీరులోనే అది కనిపించాలి.